అరికాల్లో గడ్డ: ఆపరేషన్ ఎప్పుడు?

అరికాలి వంపులో, చర్మం కింద బఠాణీ గింజంత గట్టి గడ్డ. మొదట్లో నొప్పి ఉండదు. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆనె పుట్టేది చర్మం పైపొరలో. ఇది పుట్టేది మడమ నుంచి వేళ్ల దాకా సాగే ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీలో.

19వ శతాబ్దం చివర్లో దీన్ని వివరించిన జర్మన్ సర్జన్ గియోర్గ్ లెడర్‌హోజ్ పేరే జబ్బుకు స్థిరపడింది. ఇది క్యాన్సర్ కాదు.

నొప్పి లేకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. మెత్తటి ఇన్‌సోల్‌తోనే చాలామందికి నడక సాగిపోతుంది. అడుగు వేయడమే కష్టమైనప్పుడు సర్జరీ గురించి ఆలోచిస్తారు. అసలు చిక్కు అక్కడే: గడ్డ ఒక్కదాన్నే తీసేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది. అందుకే చుట్టూ ఉన్న ఫేషియానూ వెడల్పుగా, ఒక్కోసారి దాదాపు మొత్తంగా తీస్తారు. బరువు పడేచోట మచ్చ మిగలకుండా కోతను పాదం లోపలి అంచు వైపు పెడతారు. అక్కడ బొటనవేలి వైపు వెళ్లే సన్నటి నరాన్ని కాపాడటం ఓపికతో చేయాల్సిన పని. అది తెగితే వేలికి తిమ్మిరి మిగిలిపోతుంది. తర్వాత కొన్ని వారాలు ఆ కాలు నేలకు మోపకూడదు.

షుగర్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు ఆ సంగతి ముందే సర్జన్‌కు చెప్పాలి. వాళ్లకు గాయం ఆలస్యంగా మానుతుంది. గడ్డ త్వరత్వరగా పెరుగుతుంటే మాత్రం ఆగకండి, వెంటనే డాక్టరుకు చూపించండి.