గొడుగు, కొడె, కుడై

మన సంఘపు కార్యవర్గమువారు ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినపుడు, మనస్తత్త్వమునను ఎదుగుదలయందును తోడి పిల్లలకు భిన్నముగా నడచు పిల్లలకు ప్రభుత్వము కల్పించిన సదుపాయములను వరుసగా వివరించిన పదిమందికి ఉపకరించునని కూడ సూచించిరి. ఆ పట్టికలు అందరికిని దొరకునవే. 1995 నాటి చట్టము 7 వైకల్యములను మాత్రమే గుర్తించెననియు, 2016 నాటి చట్టము వానిని 21 చేసి ఆటిజమును, చదువువ్రాతలకు సంబంధించిన ప్రత్యేక లోపములను అందు చేర్చెననియు, నూటికి 40 వంతుల వైకల్యమున్నట్లు ధ్రువపత్రము లభించిననే పెక్కు సౌకర్యములు అందుననియు ఎరుగని తలిదండ్రులు మన హోసూరు ప్రాంతమున నేడు అరుదు. నేను ఇరువది యేండ్లకు పైబడి, మాటలు ఆలస్యమైన పిల్లలకు మాటలు నేర్పు వృత్తిలో నున్నవాడను. ఈ వృత్తిలో ఇతరులకు చేసిన మేలును చెప్పుకొనుటకంటె, నా తోడబుట్టినదానికి నా చేతులార చేసిన కీడును చెప్పుటయే ఈ పుటలకు తగిన పనియని తోచినందున, తక్కినవి విడిచి ఆ యొక్క సంగతినే వ్రాయుచున్నాను.

నేను చదువు ముగించి కొత్తగా పని మొదలుపెట్టిన దినములలో, బాగలూరునందున్న మా యక్క కుమారునికి నాలుగేండ్లు నిండినవి. పిలిచిన పలుకడు, కన్నులలోనికి చూడడు, కుక్కరు ఈల వేసిన చెవులు మూసికొని మూల చేరును, చింతగింజలను గంటల తరబడి వరుసగా పేర్చును. వాని నోట అప్పటికి 30 మాటలదాక ఉండెను. అన్నియు మా యింటి తెలుగే. బెంగళూరులోని ఒక కేంద్రమునకు తీసికొనిపోయితిమి. అచట పరీక్షించు నామె బల్లమీద నాలుగు బొమ్మల అట్టలు పరచి, “కొడె ఎల్లిదె?” అని కన్నడమున ఒకసారియు, “వేర్ ఈజ్ ది అంబ్రెల్లా?” అని ఇంగ్లీషున ఒకసారియు అడిగి, వాడు అట్ట అంచులను గోటితో గీకుచుండగా కాగితముమీద సున్న చుట్టెను. మరికొన్ని దినములకు మరియొక చోట తమిళమున “కుడై ఎంగే?” అని అడిగిరి, అచటను సున్నయే. మబ్బు కమ్మినంతనే తలుపు వెనుకనున్న గొడుగును ఈడ్చుకొని వచ్చి అవ్వ ఒడిలో పడవేయుట ఆ బాలునికి నిత్యకృత్యమని ఆ రెండు కాగితములకును తెలియదు. తెలిసిన నేను ప్రక్క కుర్చీలో కూర్చుండియు నోరు మెదపలేదు. పరీక్ష జరుగునపుడు బయటివారు కలుగజేసికొనరాదను నియమమొకటి నేను కొత్తగా నేర్చియుంటిని. బుద్ధిమాంద్యము తీవ్రమని నివేదిక వచ్చినది.

అంతటితో ఆగినను బాగుండెడిది. ఆ రాత్రి అన్నముల వేళ నేను మహాపండితునివలె తీర్పు చెప్పితిని. “అక్కా, ఈ బిడ్డకు ఒక బాస వచ్చేదే కష్టం. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, సంతలో కన్నడం, బడిలో ఇంగ్లీషు అంటే తట్టుకోలేడు. బడికి ఏది కావాల్నో ఇంకమీద అదే మాట్లాడండి.” చిన్న చెంబులో నాలుగు కుండల నీరు పట్టదను లెక్క అది, వినుటకు న్యాయముగనే ఉండును. ఆ కాలమున ఈ సలహా నా యొక్కనిదే కాదు. దేశదేశముల తలిదండ్రులకు ఇదే మాట చెప్పుచుండిరి, నేటికిని చెప్పువారున్నారు. మా యక్క తెలుగు బడిలో ఎనిమిదవ తరగతి వరకు చదివినది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కమ్, సిట్, ఈట్, నో, గుడ్ బాయ్. తలకు నీళ్లు పోయుచు కన్నులు మండవని బుజ్జగించు బుజ్జగింపు, ముద్ద కలుపుచు చెప్పు కాకి కథ, విసిగి తిట్టు తిట్టు, తిట్టిన పిమ్మట దగ్గరకు తీసికొను మాట, ఇవి యేవియు ఆ అయిదింటిలో ఇముడునవి కావు గనుక ఆమె అన్నింటిని మానివేసినది. అవ్వను వాని యెదుట పెదవి విప్పవద్దంటిమి. ఎనిమిది నెలలు ఆ యింట పగలెల్ల మాట వినబడలేదు. వాని 30 మాటలు 7 అయినవి. నేనే లెక్కించితిని, స్థితి ముదురుచున్నదని నా పుస్తకమున వ్రాసికొంటిని కూడ.

మార్గశిరము వచ్చినది. ఆ మంచు దినములలో మన హోసూరు చుట్టుపట్ల మొరసునాటి వాకిళ్లలో అనపకాయలు రాశులు పోసియుండుటయు, నానిన గింజలను రెండు వ్రేళ్ల నడుమ నొక్కి తొక్కనుండి పప్పును వెడలించుటయు, పితికిన పప్పు పులుసు వాసన వీధులెల్ల క్రమ్ముటయు మనవారికి నేను చెప్పవలసిన పని లేదు. ఒక మధ్యాహ్నము అవ్వ వెనుక వసారాలో పప్పు పితుకుచుండగా వాడు వచ్చి ప్రక్కన కూర్చుండెను. తడిసి నున్ననైన గింజ వ్రేళ్ల నడుమనుండి టుప్పున జారి పళ్లెములో పడుట వానికెట్టి సుఖమును కలిగించెనో గాని, లేవలేదు. అవ్వ నా ఆజ్ఞను చాలసేపు పాటించి, ఒక పప్పు పళ్లెము దాటి చూరు క్రిందికి ఎగిరిపోగా నవ్వు ఆపుకొనలేక, “అయ్యో, జారిపాయెనే!” అనెను. వాడు మరియొక గింజ నొక్కి, అది పడగానే, “జారె” అనెను. అవ్వ మరల అనెను. వాడు మరల అనెను. చీకటి పడునప్పటికి జారె, పడె, ఇంగొకటి, అవ్వా అను నాలుగు మాటలు ఆ వసారాలో నిలిచినవి. నేను పోవునప్పటికి మా యక్క గడపమీద కూర్చుండి ఏడ్చుచుండెను. నన్ను చూచి ఒక్కటే అడిగినది: “ఆ ఎనిమిది నెల్లూ నేను వానితో ఆడకుండా పోయిన మాటలు యాడనించి తెస్తావురా?”

నాకు సమాధానము లేకపోయినది, నేటికిని లేదు. శాస్త్రము మాత్రము ఆలస్యముగా నా తప్పును నాకు చూపినది. కెనడాలో హేంబ్లీ, ఫాంబాన్ అను పరిశోధకులు ఆటిజముగల 75 మంది పిల్లలను పరిశీలించి 2012లో ప్రకటించిన వ్యాసమున, రెండు భాషల నడుమ పెరుగు పిల్లలు ఒక భాషలోనే పెరుగువారికంటె మాటలలో అదనముగా వెనుకబడలేదని తేలినది. గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబములతో జరిగి 2016లో ఫలితములు వెలువడిన మరియొక ప్రయోగమున, నిపుణులు కాని సామాన్య ఆరోగ్య కార్యకర్తలు తలిదండ్రులకు తమ బిడ్డ చూపును, సైగను కనిపెట్టి దానికి తగినట్లు బదులు పలుకుట నేర్పగా, బిడ్డలు తామై మాట కలుపుట పెరిగినది. బిడ్డ చూపు గింజమీద నిలిచిన ఆ క్షణముననే గింజను గూర్చి పలుకవలెనన్న, వెదకుకొనకయే నోటికి వచ్చు భాష కావలెను. అవ్వ ఆ ప్రయోగమును చదువలేదు. అది అప్పటికి జరుగను కూడ లేదు.

ఇచట ఒక పాత నింద కొత్త వేషమున వచ్చుట గమనింపదగినది. 1943లో లియో కానర్ అమెరికాలో ఆటిజమును వర్ణించిన తరువాత రెండు మూడు దశాబ్దములు తల్లి శీతల హృదయమే దీనికి కారణమను వాదము చెల్లినది; బెత్తల్‌హైమ్ 1967లో ఆ వాదమునకు ఒక గ్రంథమునే కట్టబెట్టెను. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ అనువారు కవల పిల్లలను పరిశీలించి వంశానుగత కారణములను చూపిన పిమ్మట గాని ఆ దోషము తల్లులపైనుండి సడలలేదు. ‘నీ ప్రేమ చాలక’ అనుట పోయి ‘నీ భాష అడ్డమై’ అనుట వచ్చినది. మోయునది మాత్రము ఆ తల్లియే.

ఇక పరీక్షకు పోవు తలిదండ్రులకు నా విన్నపము. మీరు నింపు కాగితములో ‘ఇంటి భాష’ అను గడియొకటి ఉండును. మనవారు అందు తమిళమనియో ఇంగ్లీషనియో వ్రాయుదురు, కొందరు గౌరవమునకు, కొందరు తొందరలో. ఆ గడిలో ఏది వ్రాసిన ఆ భాషలోనే ప్రశ్నలు పడును. ఆ మార్కులను బట్టి నివేదిక, నివేదికను బట్టి ధ్రువపత్రము, దానిని బట్టి బడి. బిడ్డను ఏ భాషలో కోపపడుదురో, ఏ భాషలో నిద్రపుచ్చుదురో దానినే వ్రాయుడు. తెలుగు వచ్చిన పరీక్షకుడు దొరికెను గదా యని అంతటితో నిశ్చింత పడకుడు: కోస్తాజిల్లాలనుండి వచ్చిన యొక యువతి గేదె బొమ్మను చూపగా మన ప్రాంతపు బిడ్డ “ఎనుము” అని చక్కగా పలికి సున్న తెచ్చుకొనుట నేను కన్నులార చూచితిని. ఆ యమ్మాయి తప్పు లేదు, ఆమె ఆ మాటను ఎన్నడు వినలేదు. కాబట్టి ముందుగా ఒక వారము దినములు బిడ్డ పలికిన మాటలను, పలుకకపోయినను గ్రహించిన మాటలను మీ యింటి యాసలోనే నోటు పుస్తకమున వ్రాసికొనిపోవలెను. ఇంట ఆడుకొనుచుండగా ఫోనున తీసిన రెండు మూడు నిమిషముల వీడియో వెంట ఉండవలెను. బిడ్డతో పగలెల్ల ఉండువారు అవ్వయైనచో అవ్వనే తీసికొనిపోవలెను. నివేదిక చేతికి వచ్చినపుడు పరీక్ష ఏ భాషలో జరిగినదో అందు వ్రాసిరా లేదా యని అక్కడనే నిలిచి చదివికొని, లేనిచో వ్రాయుమని అడుగవలెను. అడిగినందుకు ఎవరైన ముఖము చిట్లించినను సహింపుడు. నేను మర్యాదకు పోయి కుర్చీలో కూర్చుంటిని.

మన ఊళ్లనుండి అమెరికాకు పోయినవారికి ఒక్క మాట: అచటి ప్రత్యేక విద్యాచట్టము, సాధ్యమైనంతవరకు బిడ్డ స్వభాషలోనే పరీక్ష జరుపవలెనని బడులను శాసించుచున్నది, అడుగువారికే అది అక్కరకు వచ్చును. మన 2016 చట్టమున రెండవ, మూడవ భాషల చదువునుండి మినహాయింపు కలదు. హోసూరు బడులలో ఇంటి భాష ఒకటి, నిర్బంధ భాష ఒకటియైన బిడ్డకు అది గొప్ప ఉపశమనమే. కాని అది బడికి సంబంధించిన మినహాయింపు, వంటింటికి కాదు.  

తల్లులకు ఊరట ఎక్కడ? హోసూరు రోడ్డుననే మనకు ఎదురువచ్చు నిమ్హాన్స్, 1974లో నేటి రూపము దాల్చిన ఆ మనోవైద్య మహాసంస్థ, మానసిక వ్యథలో నున్నవారికి తోడ్పడు టెలీ మానస్ అను ఫోను సేవకు వెన్నెముకగా నున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఆ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి, భాష అడిగినపుడు తెలుగును ఎంచుకొనవచ్చును. రాత్రి రెండు గంటలకు బిడ్డ నిద్రపోక గోడకు తల కొట్టుకొనుచుండగా, తమిళనాటనున్నాము గదా యని తల్లి తన దుఃఖమును తమిళమునకు అనువదించి చెప్పుకొనవలసిన గతి లేదు.

మనవారి మేధను గూర్చి ఈ సందర్భమున గర్వింపక ఉండలేను. దేశమంతట ఆటిజమును కొలుచుటకు వాడు 40 అంశముల కొలమానము 2009లో మన సికిందరాబాదులోని జాతీయ సంస్థ సిద్ధపరచినదే. రెండు భాషలు మాటాడువారికి మతిమరుపు వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చునని, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో లోకమునకు చాటినది డాక్టరు అల్లాడి సువర్ణ. అది ముదుసలుల విషయము, పిల్లలది కాదని విమర్శకులు అనవచ్చును, నిజమే. అయినను తెలుగు, కన్నడము, తమిళము ఒకే వాకిట మాటాడు మొరసునాటి యింటిని చూచి, ‘ఇన్ని భాషలు బిడ్డకు చేటు’ అనువారికి ఇక నేను తల యొగ్గను. మనది పుస్తకపు తెలుగు కాదని బిడ్డ యెదుట సిగ్గుపడు తల్లులు, ముఖ్యముగా బెంగళూరున కాపురమున్నవారు, ఆ సిగ్గును విడువవలెనని బ్రతిమాలుకొనుచున్నాను. మన సంఘమువారు నెలకొక ఆదివారము ఇట్టి కుటుంబములకు సంఘమందిరమును తెరచి ఉంచి, మైకులు, ఉపన్యాసములు లేకుండ, తల్లులు ఒకరితోనొకరు మాటాడుకొనుటకు వదలివేసిన మేలు. మన హోసూరు చంద్రచూడేశ్వరుని తేరునాడు కూడ తప్పెటల మ్రోతకు తాళలేని పిల్లలకు ఒక ప్రశాంతమైన గది చూపగలిగిన, ఆ తల్లులకును దేవుని దర్శనము దక్కును.

మా మేనల్లుడు నేడు బాగలూరు దగ్గరి గులాబీ తోటలో కాడల పొడవును బట్టి పూలను వేరుపరచు పని చేయుచున్నాడు; అరంగుళము తేడా కూడ వాని కంటిని దాటిపోదు. అవ్వ పోయి తొమ్మిదేండ్లయినది. వర్షము వచ్చునట్లున్న సాయంకాలము నేను వారింటినుండి బయలుదేరినచో వాడు తలుపు వెనుకకు పోయి, గొడుగును వీపు చాటున దాచుకొని వచ్చి, నా ముఖము చూడక నేలను చూచుచు, “మామా, కొడె కావాల్నా, కుడై కావాల్నా?” అని అడుగును. అది వాడు చేయు ఒకేయొక వేళాకోళము. ఎన్నో యేండ్లుగా అక్షరమైనను మారలేదు. నేను ప్రతిమారును గొడుగే అడుగుచున్నాను.