పొత్తిళ్ళ బిడ్డకు యాంటీబయాటిక్

ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో పసికందు ఒళ్ళు వెచ్చబడితే చాలామందికి ముందు గుర్తొచ్చేది మెడికల్ షాపు. పెద్దబిడ్డకు రాసిన యాంటీబయాటిక్ సిరప్ ఇంట్లోనే మిగిలి ఉంటే ఆ పని కూడా ఉండదు. నెల నిండని బిడ్డకు ఆ సిరప్ ఎందుకు పట్టకూడదో చెప్పాలి.

పెద్దవాళ్ళలో ఎర్రరక్తకణం 120 రోజులు బతుకుతుంది, పసికందులో దాదాపు 90 రోజులే. ఆ కణం లోపల తుప్పు పట్టినట్టు పాడవకుండా గ్లూటాథయోన్ అనే పదార్థం కాపాడుతుంది. దానికి బలం అందించేది జీ6పీడీ అనే ఎంజైమ్. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ తక్కువైన బిడ్డకు సల్ఫా, నాలిడిక్సిక్ యాసిడ్ లాంటి యాంటీబయాటిక్ పడితే కణాలు పగిలిపోతాయి. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక బాధపడేది ఎక్కువగా మగపిల్లలే. తల్లికి ఏ జబ్బూ కనిపించకపోవచ్చు. మందే అక్కర్లేదు, కలరా ఉండలు వేసి పెట్టెలో దాచిన బట్టల్లో చుట్టినా ఇలాంటి బిడ్డకు ముప్పే. ఇక మరో యాంటీబయాటిక్ నైట్రోఫ్యురాంటోయిన్‌ను లోపం లేని నవజాత శిశువుకూ ఇవ్వరు, ఆ వయసులో ఎర్రకణాల రక్షణ వ్యవస్థ ఇంకా ఎదగదు. నెలలు నిండిన గర్భిణికి మూత్రంలో మంటకు దాన్ని రాయకపోవడానికీ కారణం ఇదే.

1956లో అమెరికాలో రెండు సంగతులు తేలాయి. మలేరియా మందు ప్రైమాక్విన్ కొందరి ఎర్రకణాలను ఎందుకు పగలగొడుతుందో వెతికినవాళ్ళకు జీ6పీడీ లోపం దొరికింది. న్యూయార్కులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పెన్సిలిన్‌తో పాటు సల్ఫా ఇస్తే మరణాలు పెరిగాయి. సల్ఫా అక్కడ కణాలను పగలగొట్టలేదు. రక్తంలో ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న, కామెర్లకు కారణమైన బిలిరుబిన్‌ను విడదీసి మెదడులోకి పంపింది.

అసలు భయం అక్కడే. కణాలు పగిలితే రక్తం తగ్గడం ఒక నష్టం. బయటపడ్డ బిలిరుబిన్‌ను పసికందు కాలేయం వదిలించలేకపోవడం అంతకంటే పెద్దది. అది మెదడుకు చేరితే చెవుడు, కండరాల వంకర జీవితాంతం మిగిలిపోతాయి. సకాలంలో నీలికాంతి కింద పడుకోబెడితే, మరీ ఎక్కువైతే రక్తమార్పిడి చేస్తే ఆ ముప్పు తప్పుతుంది.

యాంటీబయాటిక్ అంటేనే బెదిరిపోకండి. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డను బతికించేది అదే. ఆంపిసిలిన్, జెంటామైసిన్ దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నాయి. ఏది, ఎంత అన్నది పిల్లల డాక్టరు తేల్చాలి.

పుట్టిన 24 గంటల్లోపే కామెర్లు కనిపించినా, బిడ్డ పాలిపోయినా, పాలు తాగకపోయినా, మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగినా పసర్ల కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేసి కదిరికో అనంతపురానికో తీసుకెళ్ళండి. ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డకు వైద్యం, మందులు ఉచితం. వాడిన మందు సీసాను కూడా వెంట తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.