చారల బనీను చొక్కా ఇంట్లోనే కుట్టుకోవడం

చింతాద్రిపేట పుట్టిందే గుడ్డకోసం. 1734లో, జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా వున్నప్పుడు, ఈస్టిండియా కంపెనీవారు నేతపనివాళ్లను కాపురముంచడానికి కూవం నది వంపులో యీ పేట కట్టించారు. చిన్నమగ్గాల పేట అని అర్థమిచ్చే ‘చిన్న తరి పేట’ అన్న అరవమాటే చింతాద్రిపేట అయిందంటారు. మగ్గంగుడ్డ మన చేతులకు అలవాటే. రవిక అయినా లంగా అయినా పడుగూ పేకా చూసుకుని కత్తిరిస్తాము.

కాని యీనాటి ఆడపిల్లలు కోరే చారల చొక్కా నేతగుడ్డ కాదు, బనీనుగుడ్డ. అందులో పడుగూ పేకా లేవు. దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని వుంటుంది, అందుకే సాగుతుంది. 1858లో ఫ్రెంచి నావికాదళం తన నావికులకు నిర్ణయించిన దుస్తు యిటువంటిదే. 20 మిల్లీమీటర్ల తెల్లచారలు 21, వాటి మధ్య సగం వెడల్పుగల నీలిచారలు.

మీటరు గుడ్డ చాలేచోట, చారలు కుదర్చడానికి మరో పావుమీటరు తీసుకోండి. ముందుగా తడిపి ఆరవెయ్యండి. నూలు బనీనుగుడ్డ కుదించుకుపోతుంది. గొట్టంగా వచ్చే గుడ్డలో చార సుడి తిరుగుతూ పోతుంది గనుక, ఒక ప్రక్క కోసి చాపలాగ పరచుకోవాలి. కత్తిరించేటప్పుడు గుడ్డను మడవవద్దు, అడుగుపొర జరిగిపోతుంది. ముందుభాగం కత్తిరించి, దాన్ని మిగిలిన గుడ్డమీద చారకు చార కుదిర్చి పరచి, వెనుకభాగం కత్తిరించండి. చంకక్రింద రెండింటిలోనూ ఒకే చార పడాలి. రవికకు వదిలినట్లు వదులు అక్కరలేదు. రొమ్ముచుట్టు 34 అంగుళాలైతే చొక్కా కూడా 34 చాలు. భుజాలవద్ద మాత్రం అంగుళం గుడ్డ అదనంగా వుంచండి.

మిషనుకు మొన గుండ్రంగా వుండే సూది వెయ్యాలి. వాడిమొన ఉచ్చును తెంపుతుంది, అక్కడ చిల్లి పడుతుంది. జిగ్‌జాగ్ కుట్టు లేని పాత మిషనైతే గుడ్డను కొంచెం సాగదీస్తూ కుట్టండి. లేకపోతే తల దూర్చగానే దారం తెగుతుంది. మెడపట్టీని చార వెంబడి కత్తిరించాలి. మెడచుట్టు 20 అంగుళాలైతే పట్టీ 17 అంగుళాలు, కుట్టుకు కొంచెం అదనం.

గట్టికుట్టు వెయ్యకముందే టాకాలతో కలిపి పిల్లకు తొడిగి చూడండి. చారలగుడ్డ కుదరడం కష్టమని చాలామంది జంకుతారు. నిజానికి సాదాగుడ్డ దాచే తప్పును చార బయటపెడుతుంది. రొమ్ముమీద చార మధ్యలో పైకి లేస్తే ముందుభాగం పొడవు చాలలేదన్నమాట. భుజపుకుట్టును మెడవైపు వదలండి. ప్రక్కలకు వాలిపోతే భుజాలు వాలుగా వున్నవి; అదే కుట్టును చేతివైపు లోపలికి తియ్యండి. చార నేలకు సమంగా నిలిచేదాకా టాకాలు విప్పి వెయ్యడానికి విసుగుకోవద్దు.

బజారు చొక్కా ఎవరి కొలతకో కుట్టినది. అది కుదరకపోతే పిల్ల అద్దం ముందు నిలబడి తన ఒళ్లే బాగాలేదనుకుంటుంది. టాకాలు విప్పుతూ తల్లి “లోపం కత్తిరింపులో వుందమ్మా, నీలో కాదు” అని చారను చూపించి చెప్పగలదు. మెడపట్టీ సరిగా రావడంకన్నా ఆ మాట పిల్లకు అందడం ముఖ్యం.