పొగను చదివే సెన్సార్

1976లో వోల్వో కంపెనీ కాలిఫోర్నియాలో అమ్మకానికి పెట్టిన 1977 మోడల్ 240 సిరీస్ కార్ల ముందు జాలీ మీద ఒక చిన్న పలక ఉండేది. దాని మీద ‘లాంబ్డా సోండ్’ అని రాసి ఉండేది. ఇంజను బలాన్నో కారు వేగాన్నో చాటే పేరు కాదది. ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే దారిలో బిగించిన, బొటనవేలంత సెన్సార్ పేరు. జర్మనీలో బాష్ కంపెనీ తయారుచేసిన ఆ సెన్సార్‌ను అమ్మకానికి వచ్చిన కార్లలో మొదట వాడింది వోల్వోనే. ఎవరి కంటా పడని ఒక విడిభాగం పేరును కారు ముఖం మీద అంత గర్వంగా పెట్టుకున్నారు. పెట్టుకోదగ్గ పనే చేశారు.

ఇవాళ మెకానిక్ షెడ్డులో స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్‌కు బ్లూటూత్ అడాప్టర్ తగిలించి, ఫోనులోనో లాప్‌టాప్‌లోనో చూస్తే గాలి, పెట్రోలు మిక్చర్ గురించి కనిపించే అంకెలన్నిటికీ మూలం ఆ సెన్సారే. అయితే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్కానర్‌లో కనిపించే ‘ఫ్యూయల్ ట్రిమ్’ అనే అంకె మిక్చర్ ఎలా ఉందో చెప్పదు. మిక్చర్‌ను సరిగా ఉంచడానికి ఇంజను కంప్యూటర్ ఎంత అవస్థ పడుతోందో చెబుతుంది. ఈ తేడా పట్టుకున్నవాడికి స్కానర్ వైద్యుడి చేతికి అందిన నాడిలా పనిచేస్తుంది. పట్టుకోనివాడి చేత అనవసరంగా సామాన్లు మార్పిస్తుంది.

లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. బరువులో చెప్పాలంటే గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. పాళ్లు ఇలా కుదిరితే ఇంజనీర్లు లాంబ్డా 1 అంటారు. గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో ఈ పాళ్లను చెవితోనూ కంటితోనూ కుదిర్చేవారు. కార్బ్యురేటర్ మిక్చర్ స్క్రూను పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ ఐడిలింగ్ చప్పుడు వినేవారు. కొన్నాళ్లు నడిచాక ప్లగ్గు విప్పి చూస్తే, నల్లటి మసి పడితే రిచ్, తెల్లబారితే లీన్, కాఫీ రంగులో ఉంటే ఫరవాలేదు. అది గొప్ప పనితనం, సందేహం లేదు. కానీ ఒకసారి బిగించిన స్క్రూ అక్కడే ఉంటుంది. ఎండ మారుతుంది, ఎత్తు మారుతుంది, ఎయిర్ ఫిల్టర్‌కు దుమ్ము పడుతుంది. పాళ్లు తప్పిపోతూనే ఉంటాయి.

అలా తప్పితే కుదరదని తేల్చింది లాస్ ఏంజెలెస్ గాలి. అక్కడ కళ్లు మండించే పొగమంచుకు కారణం వెతికినవాడు డచ్చి దేశంలో పుట్టి కాల్టెక్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్ స్మిట్. సరిగా కాలని ఇంధనపు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌గా మారుతున్నాయని ఆయన 1950ల మొదట్లో చూపించాడు. కార్ల కంపెనీలు తేలిగ్గా ఒప్పుకోలేదు. 1970 నాటి అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం వచ్చాక ఒప్పుకోక తప్పలేదు. 1975 మోడళ్ల నుంచి అక్కడి కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తర్వాత వచ్చిన ‘త్రీ వే’ రకం కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని ఇంధనాన్నీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ మూడింటినీ ఒకేసారి శుభ్రం చేయగలదు. దానికి ఒకటే షరతు: మిక్చర్ లాంబ్డా 1కి ఒక శాతం లోపే అటూ ఇటూ ఉండాలి. కాస్త లీనయితే నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పించుకుంటాయి, కాస్త రిచ్చయితే మిగతా రెండూ తప్పించుకుంటాయి. ఏ స్క్రూడ్రైవరూ అంత సన్నని గీత మీద ఇంజనును నిలబెట్టలేదు. పొగను ఎప్పటికప్పుడు చూసి కబురు చెప్పేది ఏదో ఒకటి కావాలి.

ఆ ఏదో ఒకటి అప్పటికి డెబ్బై ఏళ్ల కిందటే ఒక దీపంగా పుట్టి ఉంది. గటింగెన్‌లో పనిచేస్తున్న వాల్టర్ నెర్న్‌స్ట్ 1890ల చివర్లో జిర్కోనియాలో కొంచెం యిట్రియా కలిపి చేసిన సన్నని పింగాణీ కడ్డీలో కరెంటు పారించి వెలుగు తెప్పించాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ కడ్డీలో కరెంటు పారదు. వేడెక్కితే పారుతుంది, అదీ ఎలక్ట్రాన్లతో కాదు, ఆక్సిజన్ అయాన్లతో. అందుకే నెర్న్‌స్ట్ దీపం వెలగాలంటే ముందు దాన్ని వేడి చేయాల్సి వచ్చేది. టంగ్‌స్టన్ బల్బులు వచ్చాక ఆ దీపం మూలపడింది. పింగాణీ మాత్రం మూలపడలేదు.

లాంబ్డా సెన్సార్ గుండె ఆ పింగాణీయే. వేలికి తొడుక్కునే తొడుగు ఆకారంలో ఉంటుంది. లోపలివైపు బయటి గాలి, వెలుపలివైపు ఇంజను పొగ. రెండు వైపులా ప్లాటినం పూత. రెండు వైపులా ఆక్సిజన్ ఎంత తేడాగా ఉంటే అంత వోల్టేజీ పుడుతుంది, ఎంత పుడుతుందో లెక్కగట్టే సూత్రం కూడా నెర్న్‌స్ట్‌దే. లీన్ పొగలో ఇంకా ఒక శాతం దాకా ఆక్సిజన్ మిగిలి ఉంటే వోల్టేజీ 0.1 దగ్గర ఆగుతుంది. పాళ్లు లాంబ్డా 1 దాటి రిచ్ వైపు ఒరగగానే ప్లాటినం మీద మిగిలిన ఆక్సిజన్ కాస్తా ఇంధనంతో కలిసిపోయి, అక్కడి ఆక్సిజన్ కోటి కోట్ల రెట్లకు పైగా పడిపోతుంది. వోల్టేజీ ఒక్క గెంతులో 0.8, 0.9కి చేరుతుంది. కావలసిన గీత సరిగ్గా ఆ గెంతు దగ్గరే ఉండటం మన అదృష్టం. మెట్టులా నిటారుగా ఉన్న ఆ మార్పునే ఇంజను కంప్యూటర్ 0.45 వోల్టుల దగ్గర కాపు కాసి పట్టుకుంటుంది.

దీపానికున్న ఇబ్బందే సెన్సార్‌కూ వచ్చింది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ అది నోరు విప్పదు. పొద్దున్నే స్టార్ట్ చేసిన కారు కాసేపు సెన్సార్ మాట లేకుండానే, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం నడవాలి. ఈ వ్యవధిని తగ్గించడానికి 1980ల్లో సెన్సార్ లోపలే ఒక హీటర్ పెట్టారు. మరో శత్రువు సీసం. పెట్రోలులో కలిపే సీసం ప్లాటినం మీద పేరుకుని సెన్సార్‌నూ, కన్వర్టర్‌నూ చంపేస్తుంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరికి దేశమంతా వచ్చింది. ఆ మార్పు జరగకపోతే ఈ కథ మన ఊళ్లకు చేరేదే కాదు.

ఇక ట్రిమ్ దగ్గరికి వద్దాం. ఎంత గాలి వస్తోందో కొలిచి, దానికి తగ్గ పెట్రోలు చల్లమని కంప్యూటర్ ఇంజెక్టర్‌కు చెబుతుంది. సెన్సార్ ‘లీన్’ అంటే ఆ పెట్రోలును కొంచెం పెంచుతుంది, ‘రిచ్’ అంటే తగ్గిస్తుంది. క్షణక్షణం జరిగే ఈ సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్. సవరణ ఎప్పుడూ ఒకవైపే ఉంటోందని గమనిస్తే దాన్ని లాంగ్ టర్మ్ ట్రిమ్‌గా జ్ఞాపకంలో రాసుకుంటుంది. షావుకారు రోజూ చిట్టా రాసి, దాన్ని ఆవర్జాకు ఎక్కించినట్టు. సాకెట్ ద్వారా ఈ అంకె ఒక్క బైటుగా వస్తుంది. 128 అంటే సవరణ సున్నా. పైకి పోతే పెట్రోలు కలుపుతున్నట్టు, కిందికి పోతే కోస్తున్నట్టు. రెండు ట్రిమ్‌లూ కలిపి అయిదు శాతం లోపు ఉంటే ఇంజను సుఖంగా ఉంది. పది దాటితే వెతకాలి. పాతిక దరిదాపులకు వెళ్తే చాలా కార్లలో చెక్ ఇంజన్ లైటు వెలిగి ‘పీ0171’ అనే లీన్ కోడ్ పడుతుంది.

ఎక్కువ షెడ్లలో తప్పు జరిగేది ఇక్కడే. ‘లీన్ కోడ్ వచ్చింది సార్, ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మార్చాలి’ అంటారు. ఆ కోడ్ సెన్సార్ పోయిందని చెప్పడం లేదు. సెన్సార్ పనిచేస్తోంది కాబట్టే ఆ కబురు వచ్చింది. ఇంకా ఘోరం, కోడ్‌ను ముందు చెరిపేయడం. దానితో కోడ్ పడిన క్షణంలో ఇంజను స్పీడు, లోడు, ట్రిమ్ ఎంతున్నాయో దాచిపెట్టిన ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ కూడా పోతుంది. చాలా కార్లలో నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ సైతం సున్నా అవుతుంది. రోగి చెప్పిన మాటంతా చెరిపేసి మందు రాసినట్టే అది.

అంకెలను ఎలా చదవాలో ఒక కారు చూద్దాం. ఇంజను బాగా వేడెక్కింది. ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 18. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎంలో కాసేపు నిలబెడితే రెండు ట్రిమ్‌ల మొత్తం ప్లస్ 4కి దిగింది. అంటే ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, మానిఫోల్డ్‌లో పీల్పు ఎక్కువ, ఇంజను తీసుకునే మొత్తం గాలి తక్కువ. పగిలిన ఒక రబ్బరు గొట్టం గుండా వచ్చే గాలి అప్పుడు పెద్ద వాటా అవుతుంది. స్పీడు పెరిగాక అదే గాలి లెక్కలోకి రాదు. మరో కారు: ఐడిలింగ్‌లో ప్లస్ 2, ఏసీ వేసి మనుషుల్ని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ప్లస్ 20. ఇక్కడ గొట్టాలు వెతికి లాభం లేదు. పెట్రోలు పంపు బలహీనపడిందా, ఫిల్టర్ మూసుకుందా, గాలిని కొలిచే సెన్సార్‌కు మురికి పట్టిందా అని చూడాలి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మొదటి కారు లెక్క గాలి బరువును నేరుగా కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న కార్లకు వర్తిస్తుంది. మన రోడ్ల మీది చాలా చిన్న కార్లలో మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి గాలిని అంచనా వేసే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. వాటిలో గొట్టం పగిలితే పీడనం మారుతుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడిలింగ్ స్పీడే పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో అమెరికా కార్ల గురించి చూసి నేర్చుకున్నవాళ్లు ఇది తెలియక ఇబ్బంది పడతారు.

సెన్సార్ పెట్రోలును చూడదు, ఆక్సిజన్‌నే చూస్తుంది. ఈ సంగతి మరిస్తే అది చెప్పిన నిజమే మనల్ని దారి తప్పిస్తుంది. ఒక సిలిండర్‌లో ప్లగ్గు మంట పడటం లేదనుకోండి. పెట్రోలు, గాలి రెండూ కాలకుండానే పైపులోకి వస్తాయి. సెన్సార్‌కు ఆ గాలిలోని ఆక్సిజన్ తగిలి ‘లీన్’ అంటుంది. కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. బయట పెట్రోలు వాసన, స్కానర్‌లో లీన్. సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గాస్కెట్ లీకయినా ఇదే మాయ: పొగ అలల మధ్య బయటి గాలి లోపలికి లాగబడుతుంది.

ఇంతకీ సాఫ్ట్‌వేర్‌తో మిక్చర్‌ను నిజంగా ట్యూన్ చేసేది ఎక్కడ? మామూలు నడకలో ఎవరు ఎంత మార్చినా సెన్సార్ మళ్లీ లాంబ్డా 1కే లాక్కొస్తుంది. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం కావాలనే రిచ్‌గా నడుపుతారు. అక్కడ మామూలు సెన్సార్ ‘రిచ్’ అంటుందే గానీ ఎంత రిచ్చో చెప్పదు. దానికోసం 1990ల్లో వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సార్ కావాలి. అది చిన్న గదిలోకి ఆక్సిజన్‌ను తోస్తూ తీస్తూ లాంబ్డా 1 దగ్గర ఉంచి, అందుకు పట్టిన కరెంటును బట్టి అసలు పాళ్లు చెబుతుంది.

మన దగ్గర రోజూ జరిగే అసలైన ట్యూనింగ్ సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు బిగించే షాపుల్లో కనిపిస్తుంది. సీక్వెన్షియల్ కిట్‌లో పెట్రోలు కంప్యూటర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇంజెక్టర్‌ను ఇన్ని మిల్లీసెకన్లు తెరవాలని అది చెబితే, గ్యాస్ కంప్యూటర్ ఆ మాట విని, దాన్ని ఒక గుణకంతో పెంచి గ్యాస్ ఇంజెక్టర్లను తెరుస్తుంది. మంచి పనివాడు లాప్‌టాప్‌లో గ్యాస్ మ్యాప్ అనే గళ్ల పట్టిక తెరిచి, పక్కన ఓబీడీ సాకెట్‌లో స్కానర్ పెట్టుకుని రోడ్డెక్కుతాడు. ముందు పెట్రోలు మీద నడిపి, ఏ లోడులో ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో చుక్కలుగా పడనిస్తాడు. తర్వాత గ్యాస్ మీద అదే దారిలో నడుపుతాడు. పెట్రోలు మీద ప్లస్ 2 ఉన్న ట్రిమ్ గ్యాస్ మీద ఒక గడిలో ప్లస్ 14 అయితే, అక్కడ గ్యాస్ తక్కువ పడుతోందన్నమాట. ఆ గడిలో గుణకం కాస్త పెంచి, ట్రిమ్ దిగేదాకా ఓపిక పడతాడు. రెండు ఇంధనాల చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడేవరకూ ఇదే పని. షాపు ముందే నిలబెట్టి ఐడిలింగ్ మాత్రమే సరిచూసి పంపేస్తే, హైవే మీద లోడులో లీన్‌గా మండి వాల్వు సీట్లు అరిగిపోతాయి. కిట్ బిగించుకునేవాళ్లు ఆ రోడ్డు మీది గంటను అడిగి మరీ చేయించుకోవాలి.

ఇప్పుడు ట్రిమ్‌కు ఇంకో కొత్త కారణం కూడా తోడైంది. పెట్రోలులో ఇథనాల్ కలిసేకొద్దీ సరైన పాళ్లే మారతాయి. పది శాతం కలిపితే 14.1, ఇరవై శాతం కలిపిన ఈ20కి సుమారు 13.5. అందువల్ల పది శాతం ఇథనాల్ పెట్రోలుకు అమర్చిన కారులో ఈ20 పోశాక లాంగ్ టర్మ్ ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరిగితే అది జబ్బు కాదు, కంప్యూటర్ తన పని చేస్తోంది. కానీ అప్పటికే ప్లస్ 20 దగ్గర ఈడుస్తున్న కారులో ఆ నాలుగైదు శాతమే చెక్ ఇంజన్ లైటు దాకా తోసేస్తుంది. నింద ఇంధనం మీద పడుతుంది, పగిలిన గొట్టం అలాగే ఉండిపోతుంది.

ఈ అంకెలు మెకానిక్ చేతికి రావడం కూడా ఊరికే జరగలేదు. ఒకప్పుడు ఒక్కో కంపెనీది ఒక్కో ప్లగ్గు, ఒక్కో రహస్య భాష. కాలిఫోర్నియా 1988 మోడళ్లకు తొలి ఓబీడీ నిబంధన తెచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే సాకెట్, ఒకే కోడ్‌లు, ఒకే ట్రిమ్ లెక్క తప్పనిసరి చేశారు. మన దేశంలో బీఎస్ 4 కాలుష్య ప్రమాణాల కార్లకు 2010 ఏప్రిల్‌లో ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. కంపెనీ షోరూముకే పరిమితమైన జ్ఞానాన్ని చెట్టు కింద మెకానిక్‌కు కూడా అందించిన నిబంధన ఇది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక చాలావరకు కార్బ్యురేటర్లు పోయి, మోటారు సైకిళ్ల సైలెన్సర్ పైపుల్లోకి కూడా ఈ సెన్సార్ చేరింది. వాటి సాకెట్ ఆకారం కార్లది కాదు, అడాప్టర్ వేరే కొనుక్కోవాలి. ట్రిమ్ చదివే పద్ధతి మాత్రం అదే. ఇన్నాళ్లూ ప్లగ్గు రంగు చూసిన బైకు మెకానిక్‌లు ఇప్పుడు ఆ అడాప్టర్లు కొనుక్కుంటున్నారు.