వార్తల్లో పదం: మిత్ర్ క్లినిక్

ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో వెలసిన తొలి సమగ్ర వైద్యశాల. 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైంది. వైద్యులు, కౌన్సెలర్లలో ఆ సమాజం వారే ఉండటం దీని అసలు బలం. జ్వరానికి ఓపీ వరుసలో నిలబడినా వెకిలి చూపులు తప్పని మనిషికి అదెంత ఊరటో! హార్మోన్ చికిత్సపై సలహా, హెచ్‌ఐవీ పరీక్షలు, మానసిక ఆరోగ్య సేవలు ఒకేచోట దొరికేవి. అమెరికా సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

అయినా పల్లెల్లో ఉండే ట్రాన్స్‌జెండర్లకు హైదరాబాద్ ప్రయాణం దూరాభారమే. దాతల దయపై వదిలేయకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికొక రోజైనా ఇలాంటి ఓపీని ప్రభుత్వాలే నడపాలి.