బొమ్మ రైలు ఆ మూలకే ఎందుకు ఆగుతుంది?

పుట్టినరోజుకు కొన్న రైలు సెట్టు రెండు రోజులు చక్కగా తిరుగుతుంది. మూడో రోజు మీ అబ్బాయో అమ్మాయో పట్టాలు పొడిగిస్తారు. అంతే, కంట్రోలరుకు దూరంగా ఉన్న మూలలో బండి నీరసపడుతుంది. ఇంజను పాడైందని షాపుకు పరుగెత్తకండి.

ఇలాంటి సెట్లలో ఎక్కువ వాటికి కరెంటు పట్టాల్లోనే, 12 వోల్టుల డీసీగా వస్తుంది. ఒక పట్టా ప్లస్, రెండోది మైనస్. చక్రాల గుండా మోటారుకు చేరుతుంది. ముందు పట్టాలు తుడిపించండి. మన వైపు దుమ్ముకేం కొదవ! పత్తి నూగైతే ఇరుసుకే చుట్టుకుంటుంది.

తుడిచినా ఆగుతుంటే లోపం జాయింట్లలో ఉండొచ్చు. వదులైన ప్రతి జాయింటు దగ్గరా కొంత వోల్టేజీ పోతుంది. కంట్రోలరు నుంచి ఎర్ర, నల్ల తీగలు బల్ల కింద పొడవునా వేసి, సుమారు మీటరుకొకచోట పైకి తీసి పట్టాలకు కలపాలి. గుండ్రటి లైనులో ఎర్రది ఎప్పుడూ బయటి పట్టాకే. ఒక్కచోట తారుమారైనా షార్ట్ అవుతుంది. ఎక్కడ తప్పిందో పిల్లలనే వెతకనివ్వండి, అసలు ఆట అదే.

గోడ సాకెట్టు, అడాప్టరు మాత్రం పెద్దలే చూడాలి. అక్కడ ఉన్నది 230 వోల్టులు.

ఇంకో మాట. బొమ్మ పట్టాలు ముట్టుకున్న చెయ్యి అసలు రైలు దగ్గరా భయపడకపోవచ్చు. గుంటూరు, ఒంగోలు స్టేషన్లలో తలపైన కనిపించే తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కితే, తీగను తాకకపోయినా ప్రాణం పోవచ్చు. సెట్టు విప్పిన రోజే ఈ సంగతి చెప్పండి.