బాలరౌతుల జట్టును ఎన్నుట ఎట్లు?

ఎర్రగడ్డనుండి ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు మూలము. వారి కుమార్తెకు పదునాలుగేండ్లు. నగరమునకు పడమటి అంచున, మొయినాబాదు దారిలోనున్న ఒక స్వారీబడిలో మూడేండ్లుగా గుఱ్ఱపుస్వారి నేర్చుకొనుచున్నది. తెల్లవాఱక మునుపే తండ్రి ఆమెను స్కూటరుపై కూర్చుండబెట్టుకొని బయలుదేరును. బడిగంట వేళకు తిరిగి ఎర్రగడ్డ చేరవలెను. ఈ యేడు బాలబాలికల జట్టుకై జరిగిన పరీక్షలో ఆ పిల్ల రెండు పర్యాయములును ఒక్క పట్టెనైనను పడవేయలేదట. అయినను జట్టులో ఆమె పేరు లేదు. ఎందుకని అడుగగా, అది ఎంపిక సంఘమువారి నిర్ణయమని మాత్రము బదులు వచ్చినదట. “మా పిల్ల ఓడినదనినచో ఊరకుందుము. ఎందులో ఓడినదో చెప్పనిదే ఎట్లు ఊరకుందుము?” అని ఆయన ప్రశ్న.

పరీక్ష నిర్వహించినవారి మాట మేము వినలేదు. కనుక అక్కడ అన్యాయము జరిగినదని మేము తీర్పు చెప్పబోము. కాని ప్రశ్న మాత్రము జవాబునకు అర్హమైనది.

గుఱ్ఱమనగానే మన నగరవాసులకు మలక్‌పేట పందెములు జ్ఞప్తికి వచ్చును. లేదా గోషామహలులోని పోలీసు గుఱ్ఱములు, శివరాంపల్లి పోలీసు అకాడమీలో యువ ఐ.పి.ఎస్. అధికారులు నేర్చు స్వారి. షో జంపింగు అనునది వీనిలో దేనివంటిదియు కాదు. ఒక ఆవరణలో పదికి పైగా అడ్డంకులు నిలుపుదురు. రంగురంగుల పట్టెలు కొక్కెములపై తేలికగా నిలిచియుండును. గుఱ్ఱపు డెక్క తగిలినచో రాలిపడును. రౌతు ఆ అడ్డంకులను చెప్పిన వరుసలో, చెప్పిన కాలములోపల దాటింపవలెను. పట్టె పడినచో నాలుగు దోషములు. గుఱ్ఱము అడ్డంకి ముందు మొరాయించినచో నాలుగు. రౌతు క్రిందపడినచో ఆ ఆట అంతటితో సరి. కాలము మించినచో దానికి వేరు దండన. ఇరువురు దోషము లేక ముగించినచో, ఎత్తు పెంచిన చిన్నదారిలో మరల దుమికించి త్వరగా ముగించినవారిని గెలిపింతురు. రౌతు మెత్తనైనచో గుఱ్ఱము మూడు కాళ్ళమీద నడచునని సామెత. ఈ ఆటలో మాత్రము రౌతు మరీ గట్టివాడైనను గుఱ్ఱము నిలిచిపోవును. చేయి ఎప్పుడు బిగింపవలెనో ఎప్పుడు వదలవలెనో తెలియుటయే విద్య.

ఇంత చక్కని లెక్క యున్నప్పుడు వివాదమేల? పట్టె పడినదో లేదో అందఱకును కనబడునుగదా! వివాదము పట్టెలకడ పుట్టదు. ఏ యే పోటీల లెక్క తీసికొందురు, ఎన్నింటిని, అన్నిటి సగటునా లేక మేలైన వానినా, ఏ గుఱ్ఱముపై చేసినవి — ఇక్కడ పుట్టును.

ఒక ఉదాహరణము చెప్పుదము. ఒక బాలుడు నాలుగు పోటీలలో మూడింట దోషమే లేక ముగించి, ఒకదానిలో మాత్రము పండ్రెండు దోషములు చేసినాడనుకొనుడు. ఒక బాలిక మూడింట నాలుగేసి దోషములు చేసి, నాల్గవదానిలో ఏమియు చేయలేదు. కూడినచో ఇరువురకును పండ్రెండే. ఎవరు మేలు? జట్టు నలుగురిదై, వారిలో మేలైన ముగ్గురి లెక్కనే గ్రహించు పద్ధతియైనచో బాలుడే మేలు. అతని చెడ్డదినము నాల్గవవాని లెక్కగా త్రోసివేయబడును, మంచిదినములు జట్టును గెలిపించును. అట్లుగాక జట్టు ముగ్గురిదై, ముగ్గురి లెక్కయు తప్పనిసరియైనచో బాలికయే మేలు. ఆమెవలన జట్టు మునుగదు. ఇది ఊహ కాదు. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సునుండి అక్కడి షో జంపింగు జట్టును నలుగురినుండి ముగ్గురికి తగ్గించి, త్రోసివేయు లెక్కను తీసివేసిరి. అంతవఱకు మెఱుపును వెదకిన ఎంపికదారులు నాటినుండి నిలుకడను వెదకవలసివచ్చినది. ఇంకను పెక్కు పోటీలలో నలుగురి పద్ధతియే నడచుచున్నది.

కాబట్టి ఒక్క పట్టె పడవేయని పిల్లను తీసికొనకపోవుట ఎల్లప్పుడు అన్యాయము కాదు. అయితే బాలిక వంటి నిలుకడగల రౌతు కావలెనా, బాలుని వంటివాడు కావలెనా అన్నది పరీక్షకు ముందే చెప్పవలెను. ముందు చెప్పినచో అది నియమము. ఫలితములు చూచిన పిదప చెప్పినచో అది సాకు.

మన దేశపు అనుభవమే చూడుడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారతీయ డ్రెస్సాజు జట్టు స్వర్ణపతకము గెలిచినది. 1982 ఢిల్లీ క్రీడల పిమ్మట గుఱ్ఱపుస్వారిలో మనకు వచ్చిన మొదటి స్వర్ణమది. డ్రెస్సాజనగా గుఱ్ఱముచేత నియమితమైన నడకలు నడిపించుట. దానికి న్యాయనిర్ణేతలు శాతములలో గుణములిత్తురు. ఆ జట్టులోని అనుష్ అగర్వాలా 2024 పారిస్ ఒలింపిక్సుకు భారతదేశమునకు ఒక స్థానము సంపాదించినాడు. కాని స్థానము దేశముదే గాని సంపాదించినవానిది కాదు. శ్రుతి వోరా అను మఱియొక రౌతుకును అర్హత యుండెను. ఇరువురి సగటులను పోల్చి గుఱ్ఱపుస్వారి సమాఖ్య అగర్వాలాను ఎన్నుకొనెను: అతనిది 67.695, ఆమెది 67.163. తేడా అర శాతమునకు కొంచెము పైన. ఆమె ఢిల్లీ హైకోర్టుకు పోగా, కోర్టు ఎంపికను మార్చలేదు. అగర్వాలా పారిస్‌లో పాల్గొని, ఒలింపిక్ డ్రెస్సాజులో దిగిన తొలి భారతీయుడైనాడు.

ఆమె కోర్టుకు పోవుటను మేము తప్పుపట్టము. మాకు ముఖ్యముగా తోచినది వేఱొకటి: తగవు అంకెలపై నడచినది. ఆ అంకెలు ఎవరైనను చూడదగినవి, మరల కూడదగినవి. ఎర్రగడ్డ తండ్రికి ఆ మాత్రపు అంకెయైనను చూపలేదు.

న్యాయస్థానములు సామాన్యముగా జట్టును తామే ఎన్నుటకు ఇష్టపడవు. 2016లో మల్లయోధుడు సుశీల్ కుమార్, రియో ఒలింపిక్సుకు తనకును నర్సింగ్ యాదవ్‌కును నడుమ పోటీ పెట్టవలెనని కోరినప్పుడును ఢిల్లీ హైకోర్టు ఒప్పుకొనలేదు. ఎవరు మేలో చెప్పుట క్రీడ నెఱిగినవారి పని. ఆ పని మనసు వచ్చినట్లు చేసిరా, పద్ధతిగా చేసిరా అన్నంతవఱకే కోర్టు చూచును. పద్ధతియే వ్రాసియుండనిచో చూచుట కేమున్నది?

మన నగరముననే వేఱొక ఆటలో ఒక పద్ధతిని చూచితిమి. 2023 మే నెలలో ఆసియా క్రీడలకై బాడ్మింటన్ ఎంపిక పోటీలు హైదరాబాదు పరిసరములలో జరిగినవి. ప్రపంచశ్రేణిలో పైనున్న పి.వి. సింధు వంటివారిని నేరుగా తీసికొని, తక్కినవారికి పోటీ పెట్టిరి. బాడ్మింటనులో ఇది సులభము. ఎవరి బ్యాటు వారిది, బ్యాటునకు జ్వరము రాదు, మనసు మాఱదు. గుఱ్ఱము సంగతి అట్లు కాదు.

ఇక అసలు చిక్కు వచ్చినది. షో జంపింగులో ఎన్నబడునది రౌతు ఒక్కడే కాదు. రౌతును గుఱ్ఱమును కలిపి ఒక జంటగా ఎన్నుదురు. అది సబబే. అపరిచితులైన ఇరువురు ఎంత ఘనులైనను ఆ ఎత్తు దాటలేరు. కాని గుఱ్ఱము డబ్బుతో వచ్చును. ఒక పిల్లకు తండ్రి విదేశమునుండి తెప్పించిన గుఱ్ఱముండును. ఇంకొక పిల్లకు స్వారీబడి తబేలాలోని పెద్దవయసు గుఱ్ఱము, అదియు ఉదయము నలుగురు స్వారి చేసిన పిదప. అంతర్జాతీయ సమాఖ్య పిల్లలకు 12 మొదలు 14 ఏండ్లని, జూనియర్లకు 14 మొదలు 18 అని వయోభేదము చేసినది గాని, తండ్రుల సంచిని బట్టి భేదము చేయలేదు. చేయుట సాధ్యమును కాదు.

దీనికి విరుగుడు వెదకినవారు లేకపోలేదు. 2010లో సింగపూరులో జరిగిన తొలి యువ ఒలింపిక్సులో రౌతులకు గుఱ్ఱములను చీట్లు వేసి పంచిరి. జట్లను దేశములవారీగా గాక ఖండములవారీగా కూర్చిరి. ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో 2014 వఱకు చివరి నలుగురును ఒకరి గుఱ్ఱమును ఒకరు ఎక్కి దాటింపవలసియుండెడిది. అంతర్జాతీయ సమాఖ్య నడుపు ప్రపంచ ఛాలెంజిలో వేఱువేఱు దేశములలో ఒకే కొలతల అడ్డంకులు నిలిపి, ఎవరి దేశములో వారు దుమికి, లెక్కలు పోల్చుకొందురు. గుఱ్ఱమును విమానమెక్కింప స్తోమతలేనివారికి ఇది మంచి దారి.

అయితే చీట్లు వేసినంతనే న్యాయము చేకూరునని భ్రమపడరాదు. టోకియోలో ఆధునిక పెంటాథ్లానులో ముందంజలోనున్న జర్మనీ యువతి అన్నికా ష్లాయ్‌కు చీటిలో ‘సెయింట్ బాయ్’ అను గుఱ్ఱము వచ్చినది. అప్పటికే అది మఱియొక రౌతు చేతిలో మొరాయించియుండెను. ఇరువది నిమిషముల పరిచయముతో ఆమె దానిని దుమికింపలేక ఏడ్చినది. ఆమె శిక్షకురాలు గుఱ్ఱమును పిడికిట గ్రుద్ది బహిష్కృతురాలైనది. ఆ ఆటనుండి స్వారినే తొలగింప నిశ్చయించిరి, పారిస్ తుదిది. గుఱ్ఱమునకును న్యాయము కావలెనను సంగతి ఆ నాడు లోకమునకు తెలిసినది.

మా మట్టుకు మాకు, అంతర్జాతీయ పోటీకి పోవు జట్టును జంటలుగనే ఎన్నుట తప్పదని తోచును. కాని రాష్ట్రస్థాయిలో, పండ్రెండు పదునాలుగేండ్ల పిల్లల విషయమున, బడి గుఱ్ఱములనే మార్చి మార్చి ఎక్కించి చూచు ఒక పరీక్ష యుండవలెను. అందు గెలిచినవారికి మంచి గుఱ్ఱమును సమకూర్చు భారము సంఘము వహింపవచ్చును. లేకున్న మనము ఎన్నునది రౌతులను కాదు, గుఱ్ఱముల యజమానులను.

మఱియొక మాట. మన స్వారీలోకము చిన్నది. శిక్షకుడే ఎంపికదారు, ఆయనయే గుఱ్ఱముల బేరమును నడుపువాడు కావచ్చును. వారందఱు చెడ్డవారని మా భావము కాదు. ఆటను నిలిపినవారు పెక్కుచోట్ల వారే. కాని తన శిష్యుని పేరు వచ్చినప్పుడు ఎంపికదారు లేచి బయటకు పోవలెను, పోయినట్లు పుస్తకములో వ్రాయవలెను. ప్రతి పరీక్ష లెక్కయు ఆ సాయంకాలమే పలకపై అంటింపవలెను. ఎన్నుకొననివారికి కారణము రెండు పంక్తులలోనైనను వ్రాతపూర్వకముగా ఇచ్చి, మొఱపెట్టుకొనుటకు జట్టు ప్రయాణమునకు ముందే గడువు చూపవలెను. విమానము పోయిన పిదప గెలిచిన మొఱ పిల్లవానికి దేనికి?

2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడాపరిపాలన చట్టము ఇట్టి తగవులకై ఒక జాతీయ క్రీడా ట్రైబ్యునలును ఏర్పఱచుటకు వీలు కల్పించినది. దాని తీర్పుపై అప్పీలు సుప్రీంకోర్టుకే. సమాఖ్యల కార్యవర్గములలో పేరుపొందిన క్రీడాకారులకును స్త్రీలకును స్థానములుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. మేలే. కాని మొయినాబాదు దారిలో పదునాలుగేండ్ల పిల్ల తగవు అంతదూరము పోవలెనా?

పోటీల లెక్కలన్నియు వ్రాతపూర్వకముగా అడిగి తెప్పించుకొనుడని మేము ఆ తండ్రికి జాబు వ్రాసితిమి. పోయిన వారము ఆయన బదులు వ్రాసినారు. లెక్కలు ఇచ్చిరట, అడిగిన మఱునాడే, మర్యాదగనే. ఎంపికకు గ్రహించినవి రెండు పోటీలు కావు, మూడు. మూడవది ఎండకాలములో జరిగినది. ఆ దినమున బడి గుఱ్ఱమును ఇంకొకరికి ఇచ్చినందున ఆ పిల్ల ఇంటియొద్దనే యుండెను. అది లెక్కలోనిదని వారికెవ్వరును చెప్పలేదు.